రెటీనా ఫోటో మసకగా వస్తోందా? తప్పు కెమెరాదా, కంటిదా?

చేత్తో పట్టుకునే ఫండస్ కెమెరాను (కంటి వెనక పొర అయిన రెటీనాను ఫోటో తీసేది) పరీక్షించేటప్పుడు ఫోటో చెడిందంటే చాలామంది వెంటనే డిలీట్ కొట్టేస్తారు. ఆ పని చేయకండి. ముందు అదే రోగి రెండో కంటిని తీసి చూడండి. మరక రెండు ఫోటోల్లోనూ సరిగ్గా ఒకేచోట ఉంటే లెన్స్ మీద దుమ్మో, వేలిముద్రో ఉన్నట్టే. చోటు మారితే కంటినో, కెమెరా పట్టిన చేతినో అనుమానించాలి.

అంచున తెల్లటి నెలవంక

దూరమో, గురో కుదరలేదు. వెలుతురు కనుపాపలోంచి లోపలికి పోకుండా దాని చుట్టూ ఉన్న రంగు భాగానికి (ఐరిస్‌కు) తగిలి వెనక్కి వస్తోంది. వేళ్లను రోగి నుదుటికి ఆనించి, కెమెరాను కొద్దికొద్దిగా జరపండి. చెయ్యి గాల్లో పెట్టి తీస్తే ఎంత అనుభవం ఉన్నా వణుకుతుంది.

మధ్యలో బాగుంది, చుట్టూ చీకటి

కనుపాప చిన్నగా ఉంది. కనుపాపను పెద్దది చేసే చుక్కల మందు అక్కర్లేదని చెప్పే కెమెరాలకు కూడా కనుపాప సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. వయసు పైబడినవారికి, చాలాకాలంగా షుగర్ ఉన్నవారికి అది అంతగా విచ్చుకోదు. గది చీకటి చేసి కొన్ని నిమిషాలు ఆగండి.

మొదటి కన్ను చక్కగా వచ్చి రెండోది చెడితే టెన్షన్ పడొద్దు. ఒక కంట్లో ఫ్లాష్ పడితే రెండు కనుపాపలూ ముడుచుకుంటాయి. కాసేపు ఆగి మళ్లీ తీయండి. అప్పటికీ కాకపోతే కనుపాపను విచ్చుకునేలా చేసే ట్రోపికమైడ్ చుక్కలు వేయాలి. అవి పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కొందరికి వీటివల్ల కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ చూసి సరేనన్నాకే వేయాలి.

ఫోటో అంతా మంచు పట్టినట్టు

రెండుమూడుసార్లు కళ్లు ఆర్పమనండి. తేటపడితే కన్ను పొడిబారిందని అర్థం. లేదంటే ఫోకస్ సరిచూడండి, ముఖ్యంగా ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి. లెన్స్ తుడిచినా, ఫోకస్ మార్చినా అలాగే ఉంటే శుక్లం ఉండొచ్చు. ఇక కెమెరాతో కుస్తీ ఆపి రోగిని డాక్టర్ దగ్గరికి పంపండి.

అంచున మసక గీతలు

కనురెప్పల వెంట్రుకలు. రెప్పను మెల్లగా పైకెత్తి పట్టుకుంటే చాలు.

కుడి, ఎడమ తారుమారు

కుడికంటి ఫోటోలో ఆప్టిక్ డిస్క్ (కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) మనకు కుడివైపు కనిపించాలి. ఫోన్ ముందు 20 డయాప్టర్ల (లెన్స్ పవర్ కొలత) లెన్స్ పెట్టి తీస్తే బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి వస్తుంది. దాన్ని 180 డిగ్రీలు తిప్పాకే పోల్చాలి.

పరీక్షలో భేష్, క్లినిక్‌లో తుస్సు

నన్నడిగితే అసలు జబ్బు ఇదే. 100 కళ్లు తీశారనుకుందాం. చదవలేని 20 ఫోటోలను పక్కన పెట్టి, మిగిలిన 80లో జబ్బు ఉందో లేదో 76కి సరిగ్గా చెప్పారు. కాగితం మీద 95 శాతం. కానీ వచ్చిన 100 కళ్లలో సరైన జవాబు దొరికింది 76కే. పైగా ఆ 20లో శుక్లాలు, చిన్న కనుపాపలే ఎక్కువుండే అవకాశం ఉంది, అంటే ఈ పరీక్ష ఎవరికి బాగా అవసరమో వాళ్లే. అందుకే శుక్లం ఉన్నవారిని ముందే వడగట్టకండి. అవే కళ్లను అదే రోజు బల్లమీది కెమెరాతోనూ తీయించి పోల్చండి. చదవలేని ఫోటోకు విడిగా ఒక గడి పెట్టి, కారణం రాయండి. దాన్ని ‘నార్మల్’ గడిలో మాత్రం వేయొద్దు, ఆ రోగిని పూర్తి కంటి పరీక్షకు పంపండి.