చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే మౌత్‌వాష్ ఎంతవరకు పనికొస్తుంది?

బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపించగానే చాలామంది మౌత్‌వాష్ కొనేసి, బ్రష్ మెల్లగా తగ్గించేస్తారు. చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చాలాసార్లు రక్తం వచ్చేది చిగురు అంచున పేరుకున్న పాచి వల్ల. మెత్తటి బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వంచి, రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమితే ఆ పాచి పోతుంది. పళ్ల సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. పాచి గట్టిపడి గారగా మారితే మాత్రం స్కేలింగ్ (డెంటిస్టు పరికరంతో గార తీసేయడం) తప్ప దారి లేదు, ఏ ద్రావణమూ దాన్ని కరిగించదు. చిగురు కింద లోతుగా ఏర్పడిన సందుల్లోకి పుక్కిలించిన మందు వెళ్లదు కూడా.

డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం (క్రిములను చంపే మందు ఉన్న మౌత్‌వాష్) రాసిస్తే: 10 మి.లీ. నోట్లో పోసుకుని నిమిషం పాటు పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. రోజుకు రెండుసార్లు చాలు. పేస్టుతో తోమిన వెంటనే వాడకండి. పేస్టులోని నురగ పదార్థం మందు పనిని తగ్గిస్తుంది, అరగంట ఆగాలి. పుక్కిలించాక కాసేపు టీ, కాఫీ మానండి, లేదంటే పళ్లపై గోధుమరంగు మరకలు త్వరగా పడతాయి. నాలుక రుచి మారొచ్చు, ఆపితే తిరిగొస్తుంది. డాక్టర్ చెప్పిన రోజులు దాటి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడకండి.

మౌత్‌వాష్‌తో దుర్వాసన తగ్గినా లోపల పంటిని పట్టి ఉంచే ఎముక అరుగుతూనే ఉండొచ్చు. పన్ను కదులుతున్నా, చీము కనిపించినా వెంటనే డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు.