బడిలో బహుమతుల జాబితా వేసేవాళ్లకు

మా బడిలో బహుమతుల జాబితా వేసే పని చాలా ఏళ్లుగా నాదే. ఆ పని కొత్తగా మీ మీద పడితే, ఏ బహుమతి దేనికి ఇస్తారో, ఎవరు నిర్ణయిస్తారో బడి తెరిచిన మొదటి వారంలోనే కాగితం మీద పెట్టి నోటీసు బోర్డుకి అంటించండి. ఏడాది చివర్లో స్టాఫ్ రూమ్‌లో కూర్చుని "ఈసారి ఎవరికిద్దాం?" అని మొదలుపెడితే ఎప్పుడూ ఆ నాలుగు పేర్లే గుర్తొస్తాయి: గలగలా మాట్లాడేవాళ్లు, టీచర్ల పిల్లలు, కిందటేడు బహుమతి అందుకున్నవాళ్లు.

ఇక మార్కులు. 500కి 462 వచ్చిన అమ్మాయి ఫస్టు, 461 వచ్చిన అబ్బాయికి ఏమీ లేదు అంటే నేను ఒప్పుకోను. ఒకే వ్యాసాన్ని ఇద్దరు టీచర్లు దిద్దితే మార్కులు తేడా వస్తాయి. అదే టీచరు కొన్నాళ్లాగి మళ్లీ దిద్దినా అంతే. దిద్దడంలోనే అంత తేడా ఉన్నప్పుడు ఒక్క మార్కును ప్రతిభలో తేడా అని ఎలా అంటాం? ర్యాంకులు మానేసి ఒక గీత పెట్టుకోండి. 450 దాటిన వాళ్లందరికీ ఒకే సర్టిఫికెట్. వ్యాసరచన పోటీల్లో పేరు బదులు నంబరు వేయించి, ఆ పిల్లల చేతిరాత ఎరగని వేరే సెక్షన్ టీచరుకివ్వండి.

చిన్న తరగతుల్లో వయసు కూడా చూడాలి. ఒకే తరగతి పిల్లల మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఆరేళ్ల పిల్లకి ఏడాదంటే తక్కువేం కాదు. ఆటల్లోనే కాదు, చదువులోనూ తరగతిలో పెద్దవాళ్లకు ఆ మేలు ఉంటుందని చాలా దేశాల్లో తేలింది. కిందటేడు విజేతల పుట్టిన నెలలు ఒకసారి రాసి చూడండి.

ఈ వయసులో బొమ్మలకు సర్టిఫికెట్లు అసలు వద్దు. బొమ్మలంటే ఇష్టపడే చిన్నపిల్లలకు "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెబితే, తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలు వేయడం తగ్గిందని 1973లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెప్పర్ బృందం చూపించింది. అందరి బొమ్మలూ గోడకు పెట్టండి, చాలు.

పూర్తి హాజరు బహుమతి తీసేయండి. జ్వరం వచ్చిన పిల్ల చేసిన తప్పేంటి? అమ్మకు బాగోలేక తమ్ముణ్ణి చూసుకున్న పిల్ల చేసిన తప్పేంటి?

అన్నిటికన్నా జాగ్రత్తగా ఇవ్వాల్సింది "బాగా మెరుగుపడిన విద్యార్థి" బహుమతి. ఉద్దేశం మంచిదే. కానీ వేదిక మీదికి ఆ పేరుతో పిలిస్తే, ఇన్నాళ్లూ వెనకబడి ఉన్నాడని అందరికీ చాటినట్టే. నేనైతే వేదిక మీద ఇవ్వను, ఇంటికి ఉత్తరం రాస్తాను. "మీ అమ్మాయి బాగా చదువుతోంది" అని కాదు, "భిన్నాల కూడికలు ఇప్పుడు ఒంటరిగా, తప్పుల్లేకుండా చేస్తోంది" అని. ఏం నేర్చుకుందో టీచరు గమనించారని ఆ పిల్లకు తెలియాలి. మొదటి నుంచీ 95 తెచ్చుకునే పిల్లకీ ఇలాంటి ఉత్తరం వెళ్లాలి. మార్కు పెరగడానికి చోటు లేకపోయినా, నేర్చుకోవడానికి ఉంటుంది కదా.

ప్రకటించే ముందు జాబితాను మూడు రోజులు బోర్డులో ఉంచండి. "నాకెందుకు రాలేదు?" అని ఎవరడిగినా విసుక్కోకుండా పేపరు తెచ్చి చూపించండి. మార్కులు కూడడంలో పొరపాటు దొరికితే అక్కడే సరిచేసి పేరు చేర్చండి. ర్యాంకులు లేవు కాబట్టి ఇంకొకరి పేరు కొట్టేయాల్సిన పనుండదు.