ఆస్తి పన్ను జాబితాను మొదటి నుంచి కట్టుకురావడం ఎలా

వలస పాలన పోయాక చాలా నగరాలకు మిగిలింది ఒక పాత రిజిస్టరు. ఊరు పెరిగింది గానీ రిజిస్టరు పెరగలేదు. ఆదాయం చాలనప్పుడు రేటు పెంచేస్తే జాబితాలో ఉన్నవాళ్లే ఇంకాస్త నలుగుతారు, లేనివాళ్ల జోలికి ఎవరూ పోరు. అందుకే ముందు జాబితా, తర్వాత మదింపు, అంటే ఏ ఇంటికి ఎంత విలువో కట్టడం, రేటు మాట ఆఖర్న.

అన్నిటికంటే ముందు చట్టం చదవండి. మదింపు పద్ధతి మార్చే అధికారం నగర కౌన్సిల్‌దేనా, పైనుంచి అనుమతి కావాలా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 2020లో కొత్త మదింపు పద్ధతి మొదలయ్యాక జాతీయ ప్రభుత్వం వసూళ్లను కొంతకాలం ఆపించింది. పని ఎంత బాగా చేసినా ఇక్కడ తేడా వస్తే అంతా ఆగిపోతుంది.

లెక్కింపు ఉపగ్రహ చిత్రంతో మొదలుపెట్టండి. ప్రతి పైకప్పుకూ గీత గీసి నంబరు ఇవ్వండి. ఫ్రీటౌన్‌లో ఇలా చేసినప్పుడు జాబితా రెట్టింపు దాటింది. అయితే ఆనుకుని ఉన్న రెండు రేకుల ఇళ్లు పైనుంచి ఒకటిగానే కనిపిస్తాయి, చెట్ల కింద ఉన్నవి అసలు కనిపించవు. కాబట్టి ఇద్దరిద్దరు సిబ్బంది ఫోన్లతో వీధి వీధీ తిరిగి ఫొటో తీయాలి. ప్రతి 20 ఇళ్లలో ఒకదాన్ని వేరే జట్టు మళ్లీ చూడాలి. యజమాని ఎవరో తేలేదాకా ఆగకండి, పట్టాలు లేని చోట అది ఎన్నాళ్లకీ తెమలదు. ఇంటిని నమోదు చేసి, ఈ నోటీసు యాజమాన్య హక్కుకు రుజువు కాదని దాని మీదే అచ్చు వేయండి.

ఇక మదింపు. అమ్మకాల రికార్డులు, చాలినంతమంది నిపుణులు లేని చోట ప్రతి ఇంటికీ మార్కెట్ విలువ కట్టబోతే బేరసారాలకు దారి తీస్తుంది. విస్తీర్ణం ఒక్కటే చూస్తే మురికివాడలోని పాత ఇల్లూ కొత్త విల్లా ఒకే పన్ను కడతాయి. పాయింట్ల పద్ధతి ఈ రెండు చిక్కులనూ తప్పిస్తుంది. ఉదాహరణకు 100 చదరపు మీటర్లకు 100 పాయింట్లు అనుకుందాం. తారు రోడ్డు ఉంటే 15, ఏసీ ఉంటే 10 కలపండి: 125. అదే విస్తీర్ణంలో రేకు గోడలకు 30, బండి రాని దారికి 10 తీసేయండి: 60. పాయింటుకు 2 చొప్పున పన్ను మొదటి ఇంటికి 250, రెండోదానికి 120. ఈ అంకెలు ఊహించి పెట్టకూడదు. కొన్ని వందల ఇళ్లకు నిపుణులతో విలువ కట్టించి, వాటికి సరిపోయేలా సర్దాలి. లెక్కలోకి తీసుకునేవన్నీ వీధిలోంచి కనిపించాలి. సిబ్బంది ఇంట్లోకి అడుగుపెట్టాల్సి వస్తే లంచానికి తలుపు తెరిచినట్టే.

నోటీసులో ఇంటి ఫొటో, పాయింట్ల లెక్క రెండూ ఉండాలి. అందిన తేదీ రాయించుకుని, అప్పీలుకు కనీసం 30 రోజులివ్వండి. మదింపు చేసినవాళ్లు డబ్బు ముట్టకూడదు, చెల్లింపు బ్యాంకులోనో మొబైల్‌లోనో జరగాలి. బకాయిల మీద చర్య పలుకుబడి ఉన్నవాళ్ల భవనాలతో మొదలవ్వాలి, అక్కడ వదిలేస్తే మిగతావాళ్లూ కట్టరు.

ఖర్చు లెక్క కూడా బయటపెట్టాలి. ఇదే సియెర్రా లియోన్‌లో 1898లో బ్రిటిష్‌వాళ్లు విధించిన గుడిసె పన్ను యుద్ధానికి దారి తీసింది. జనాన్ని అడగకుండా, వాళ్లకు ఏమీ చేయకుండా వేసిన పన్ను అది. అందుకే వార్డులవారీగా ఎంత వసూలైంది, ఏ కాలువకు ఎంత పెట్టారు అన్నది వార్డులోనే గోడ మీద అంటించండి. కొత్తగా కట్టిన ఇళ్లు తప్పిపోకుండా, కొత్త కరెంటు కనెక్షన్ల జాబితాను ఏటా తెప్పించుకుని రిజిస్టరుతో సరిచూడండి.