గర్భసంచి ఆపరేషన్ తర్వాత మోషన్ రాకపోతే, మొలలు నొప్పి పెడితే

కందుకూరులో మా అమ్మకు గర్భసంచి తీసేశాక, కుట్ల నొప్పి కన్నా మోషన్ బాధే ఎక్కువ ఏడిపించింది. అప్పుడు డాక్టర్లను, నర్సులను అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

మూడు రోజులైనా మోషన్ రావడం లేదు

మత్తుమందు వల్ల పేగుల కదలిక నెమ్మదిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు మలాన్ని ఇంకా బిగిస్తాయి. వీటికి తోడు మన ఇళ్లలో పథ్యం ఒకటి. నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయని పెద్దమ్మ అమ్మను రెండు గ్లాసులు దాటనివ్వలేదు. కూరలు వాతమని మెత్తటి అన్నం, మిరియాల చారే పెట్టింది. ప్రేమతోనే చేసింది పాపం. కానీ నీళ్లకూ చీముకూ సంబంధం లేదు. ఒంట్లో నీరు తగ్గితే పెద్దపేగు మలంలో ఉన్న నీటిని లాగేసుకుంటుంది. అందుకే అది రాయిలా గట్టిపడుతుంది. అసలే మండు వేసవి!

గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు నీళ్లు, మజ్జిగ కలిపి రోజుకు రెండు లీటర్ల దాకా కొంచెం కొంచెంగా తాగాలి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లయితే క్యాన్ నీళ్లు తెచ్చుకోండి. అన్నీ తినొచ్చని డాక్టర్ చెప్పాక బీరకాయ, పొట్లకాయ, తోటకూర, జామపండు పెట్టండి. ఇంట్లోనే నాలుగడుగులు నడిపించండి. టిఫిన్ తిన్నాక పేగులు బాగా కదులుతాయి, ఆ వేళకే కూర్చోబెట్టండి. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ డాక్టర్ రాస్తారు. అది పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, తొందరపడి డోసు పెంచొద్దు. నీళ్లు తాగకుండా ఇసబ్‌గోల్ (పీచు పొడి) వేసుకుంటే ఇంకా అడ్డుపడుతుంది. ఆముదం, ఎనిమా సొంతంగా అసలు వద్దు.

వచ్చినట్టే ఉంది, ముక్కాల్సి వస్తోంది

ముక్కితే కుట్ల మీదా మొలల మీదా ఒత్తిడి పడుతుంది. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద పీట వేయండి, మోకాళ్లు నడుము కంటే ఎత్తుగా ఉండాలి. కింద కూర్చోలేకపోతే కుర్చీ కమోడ్ కొనండి. పొట్టకు దిండు ఆనించి, ఊపిరి బిగబట్టకుండా నోటితో మెల్లగా వదలమనండి. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి.

మొలలు ఉబ్బి మంట, కడుక్కుంటే నీళ్లు ఎర్రగా

గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టండి. రుద్దకుండా కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి. గోరువెచ్చని నీళ్ల టబ్‌లో 10-15 నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. కానీ లోపల కుట్లు ఉంటాయి కాబట్టి సర్జన్ సరే అన్నాకే కూర్చోవాలి. మొలల ఆయింట్‌మెంట్ కూడా అడిగే వాడండి. కొన్నాళ్లు చేపల పులుసులో కారం తగ్గించండి. మొలలకు గ్యారంటీ వైద్యం అని గోడల మీద రాసే వాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు.

ఇంటి వైద్యం ఆపేసి వెళ్లాల్సినవి

కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక వాంతులైతే, జ్వరం 100.4 దాటితే, రక్తం ఆగకపోతే, మూత్రం రాకపోతే వెంటనే ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. చాలా రోజులు మోషన్ లేక, ఉన్నట్టుండి నీళ్లలా కారితే విరేచనాలు ఆపే మాత్ర వేయొద్దు. గట్టి మలం అడ్డుపడి పక్కనుంచి కారుతుండొచ్చు. ఐరన్ మాత్రలతో మలం నల్లబడటం మామూలే. అవి వేసుకోకుండానే తారులా నల్లగా వస్తే అదే రోజు చూపించండి.