పాత సైకిల్ షాపు ఫొటోతో మౌస్ ప్యాడ్ చేయించుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో ఏ గల్లీకి వెళ్లినా మగ్గుల మీద, టీషర్టుల మీద ఫొటోలు వేసిచ్చే షాపు ఒకటి ఉంటుంది, మౌస్ ప్యాడ్ కూడా వాళ్లే వేస్తారు. ఫొటోని ముందు కాగితం మీద ప్రింట్ తీసి, ఆ కాగితాన్ని వేడి ప్రెస్‌తో గుడ్డ మీద నొక్కితే ఇంకు గుడ్డకి ఎక్కుతుంది. అయినా తాతగారి సైకిల్ షాపు ఫొటో ఇచ్చినవాళ్లలో చాలామందికి చేతికొచ్చేది ఒక నల్లటి ముక్క. పైన బోర్డు, ముందు ఇద్దరు మనుషులు, మిగతాదంతా చీకటి. మెషీన్‌ని తిట్టుకుని లాభం లేదు, తేడా మీరిచ్చిన ఫైల్లోనే ఉంది.

కావలసినవి పెద్దగా ఏం లేవు. పైన తెల్లటి పాలిస్టర్ గుడ్డ, కింద రబ్బరు ఉన్న ఖాళీ ప్యాడ్ తీసుకోండి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే దొరకొచ్చు. మందం కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకన్నా పలచనిది టేబుల్ మీద మడతలు పడుతుంది. గుండ్రటి ప్యాడ్ వద్దు, షాపు ఫొటోకి అది నప్పదు.

ఫొటోని ఫోన్‌తో తీయకండి. పాత ఫొటోల నల్లటి భాగాల మీద వెండి మెరుపు తేలి ఉంటుంది, లైటు పడితే అదంతా తెల్లటి మచ్చగా వస్తుంది. స్కానర్ మీద పెట్టండి. పోస్టుకార్డు సైజు అయితే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, ఇంకా చిన్నదైతే 1200. తర్వాత ప్యాడ్ కొలతకి కత్తిరించండి, నాలుగు వైపులా అర సెంటీమీటరు ఎక్కువ ఉంచండి. కొలతకి సరిపోలేదని సాగదీశారో, చక్రాలు కోడిగుడ్లవుతాయి.

ఒకసారి సైకిల్ చైన్ ఎటుందో చూడండి. చైన్ తొక్కేవాడి కుడికాలి వైపే ఉంటుంది. హ్యాండిల్ మీకు ఎడమవైపు తిరిగి ఉండి, చైన్ మీ వైపే కనిపిస్తోందంటే నెగెటివ్‌ని తిరగేసి కడిగారన్నమాట, ముందు దాన్ని సరిచేయండి.

ఇక అసలు పని. సైకిల్ షాపు ఫొటో అంటే బయట ఎండ, లోపల చీకటి. ఆ చీకట్లోనే పైనుంచి వేలాడే టైర్లు, గోడకి తగిలించిన రిమ్ములు, మూలన గాలిపంపు ఉంటాయి. స్క్రీన్ మీద ఇవన్నీ కాస్తోకూస్తో కనిపిస్తాయి కాబట్టి బాగానే ఉందనుకుంటారు. గుడ్డ మీద ఇంకు కొంచెం పాకుతుంది, ముదురు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. స్పోకులు మాయం, టైరుకీ గోడకీ తేడా మాయం.

అలాగని మొత్తం ఫొటోకి బ్రైట్‌నెస్ పెంచేయకండి. అందరూ చేసే పని ఇదే, దాంతో వీధీ, ముందు నిలబడ్డ ఆయన తెల్లచొక్కా తెల్లబడిపోయి ఖాళీ కాగితంలా మిగులుతాయి, లోపలి చీకటి మాత్రం అలాగే ఉంటుంది. ఉచితంగా దొరికే గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో షాపు లోపలి భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేసుకోండి, అంచులు మెత్తగా కలిసేలా పెట్టుకోండి, అప్పుడు లెవెల్స్‌లో అవుట్‌పుట్ నలుపుని 0 నుంచి 20 దాకా తెచ్చి, మధ్య స్లైడర్‌ని కొద్దికొద్దిగా జరపండి. ఒక టైరు పక్కన ఇంకో టైరు విడిగా కనిపించిందా, అక్కడ ఆగండి. ఇంకొంచెం జరిపితే ఏమవుతుందని చూడాలనిపిస్తుంది. పొగ కమ్మినట్టవుతుంది, అంతే.

ఏఐ యాప్‌లో వేసి ఫొటోని కొత్తగా మార్చేద్దామనే ఆలోచన మానుకోండి. అవి స్పోకులని ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో కలుపుతాయి, బోర్డు మీది ఉర్దూని ఏ భాషా కానిదిగా మారుస్తాయి. నలుపు తెలుపు ఫొటోకి రంగులు వేయడం కూడా వద్దు. గీతలు, మచ్చలు ఉండనివ్వండి, పాత ఫొటో పాతగానే ఉండాలి.

ఫైలుని కొంచెం గోధుమరంగు వైపు తిప్పండి. ఈ ప్రింటింగ్‌లో బూడిదరంగు కూడా చాలాసార్లు రంగు ఇంకుల కలయికతోనే వస్తుంది కాబట్టి, ఏమాత్రం తేడా వచ్చినా ఆకుపచ్చగా కొడుతుంది. గోధుమరంగులో ఆ తేడా అంతగా తెలియదు.

చివరిగా టెస్ట్. ఫొటోలో అన్నిటికంటే చీకటిగా ఉన్న చోటు నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ ప్రింట్ తీయించి, దర్జీ దగ్గర దొరికే తెల్ల పాలిస్టర్ పీలిక మీద ప్రెస్ చేయించండి. షాపువాళ్లు విసుక్కుంటారు, పదో ఇరవయ్యో ఎక్కువ ఇవ్వండి. కాగితం మీది రంగు చూసి మాత్రం టెన్షన్ పడకండి, వేడి తగిలేదాకా అది వెలిసిపోయినట్టే ఉంటుంది.

ప్రెస్ చేయడం వాళ్లకి రోజూ ఉండే పనే. దాదాపు 190 డిగ్రీలు, ఓ నిమిషం. వానాకాలమైతే ప్యాడ్‌ని ముందు నాలుగైదు సెకన్లు ఉత్తినే నొక్కి తేమ పోగొట్టమనండి. కాగితం కదలకుండా టేపు వేయించండి, కదిలితే బోర్డు మీది అక్షరాలు రెండేసి కనిపిస్తాయి. మీరు దగ్గరుండి చూడాల్సింది ఒక్కటే: కాగితం మీద అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండాలి. ఫైలుని మీరు ఒకసారి తిప్పి, వాళ్లు ఇంకోసారి తిప్పితే ప్యాడ్ మీద బోర్డు ఉల్టా వస్తుంది. ఉర్దూ బోర్డయితే, చదవడం రానివాళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

మాసిపోతే చల్లటి నీళ్లు, కొంచెం షాంపూతో చేత్తో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే రబ్బరు వంగిపోతుంది.