పిల్లలకి ఇంట్లో పొట్ట డయాలసిస్ ఎలా చేయాలి?

కిడ్నీలు పాడైతే రక్తం శుభ్రం చేయడానికి డయాలసిస్ అనగానే అందరికీ మెషినే గుర్తొస్తుంది, వారానికి మూడుసార్లు హాస్పిటల్‌కి వెళ్ళి 3-4 గంటలు కూర్చోవడం. కానీ పది కేజీల పిల్లాడి ఒంట్లో ఉండేదే దాదాపు 800 మి.లీ. రక్తం, మెషిన్ నడిచినంతసేపూ అందులో కొంత బయట పైపుల్లో తిరుగుతుండాలి, పైగా నరాలు సన్నం, సూదులంటే ఏడుపు. అందుకే చిన్నపిల్లలకి డాక్టర్లు చాలాసార్లు పొట్ట డయాలసిస్ వైపే మొగ్గుతారు. ఐసీయూలో 24 గంటలూ నెమ్మదిగా నడిపే మెషిన్ డయాలసిస్ (సీఆర్ఆర్‌టీ) వేరే సంగతి, అది మన చేతిలో పని కాదు.

పొట్టలో పేగుల్ని కప్పి ఉండే పల్చటి పొరే ఇక్కడ ఫిల్టర్. చక్కెర కలిసిన ఫ్లూయిడ్ లోపలికి పంపితే రక్తంలోని చెత్త, ఎక్కువైన నీరు ఆ పొర దాటి ఫ్లూయిడ్‌లోకి వచ్చేస్తాయి, కొన్ని గంటలాగి తీసేస్తాం, అంతే. చిన్న ఆపరేషన్ చేసి పొట్టలోకి పైపు పెట్టాక, అర్జెంట్ కాకపోతే, పుండు మానడానికి రెండు వారాలు ఆగుతారు, ఈలోపు నర్సు దగ్గర ట్రైనింగ్ అవుతుంది. అది పూర్తి కాకుండా ఇంట్లో మొదలెట్టకండి, ఇది చదివి అస్సలు మొదలెట్టకండి.

ఫ్లూయిడ్ బ్యాగ్ మార్చేముందు కిటికీలు మూసేయండి, ఫ్యాన్ ఆపండి, మీరూ బిడ్డా మాస్క్ పెట్టుకోండి. తర్వాత చేతులు. నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు దాకా సబ్బుతో రుద్ది పొడి టిష్యూతో తుడవాలి, మధ్యలో ఫోన్ మోగి ఎత్తారంటే మళ్ళీ మొదటినుంచి. బ్యాగ్‌ని పొడి వేడి ఇచ్చే వార్మర్‌లో ఒంటి వేడికి తేవాలి, వేడినీళ్ళలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం వద్దు. డేట్, చక్కెర శాతం, లీకేజీ చూసుకోండి.

పైపు కనెక్ట్ చేసేటప్పుడు దాని మూతి దేనికీ తగలకూడదు, తగిలితే బిగించి వాడేయకుండా క్లాంప్ (పైపు మూసే క్లిప్పు) వేసి నర్సుకి ఫోన్ చేయండి. ముందు పొట్టలోని పాత ఫ్లూయిడ్ కింద పెట్టిన ఖాళీ బ్యాగ్‌లోకి దిగాలి, ఓ 20 నిమిషాలు. రాకపోతే పైపు మెలిక పడిందేమో చూడండి, బిడ్డని పక్కకి తిప్పండి. మలబద్ధకం ఉన్నా సరిగ్గా దిగదు, ఇది చాలామందికి తట్టదు. తర్వాత బిడ్డ వైపు క్లాంప్ మూసే ఉంచి, కొత్త ఫ్లూయిడ్ కొంచెం కింది బ్యాగ్‌లోకే వదిలి పైపులో గాలి పోగొట్టి, అప్పుడు పొట్టలోకి పంపండి. ఎంత పంపాలనేది బిడ్డ సైజుని బట్టి డాక్టరే చెప్తారు. అయ్యాక పైపుకి కొత్త మూత పెట్టేయండి, పాతది మళ్ళీ వాడొద్దు. ఇలా రోజుకి నాలుగుసార్లు దాకా. రాత్రిపూట 8-10 గంటలపాటు మెషినే ఫ్లూయిడ్ మార్చేసే పద్ధతి కూడా ఉంది, స్కూలుకెళ్ళే పిల్లలకి అదే హాయి.

ఎంత పంపారు, ఎంత వచ్చింది, బరువు, బీపీ బుక్‌లో రాయండి. బయటికొచ్చిన ఫ్లూయిడ్ వెనక పేపర్ పెడితే అక్షరాలు కనబడాలి. మసకగా ఉన్నా, కడుపునొప్పి, జ్వరం వచ్చినా రేపటిదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి, ఆ బ్యాగ్ కూడా వెంట తీసుకెళ్ళండి, దాన్నే టెస్టుకి పంపిస్తారు.