సాంకేతిక పత్రరచన నేర్చుకుందాం – 4వ భాగం: కోడ్ అమరిక, అకారాది సూచిక

మాన్యువల్‌ను ఎవరూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవరు. పని ఆగిపోయినప్పుడు తెరుస్తారు, కావలసిన నాలుగు వరుసలు వెతుక్కుంటారు, మళ్లీ పనిలో పడతారు. అందుకే కోడ్‌ను చక్కగా చూపించడం, దాన్ని సూచికలో చేర్చడం వేర్వేరు పనులని నేను అనుకోను. అవసరానికి దొరకని కోడ్ ఎంత అందంగా అమర్చినా లేనట్టే. చాలామంది సూచికను పుస్తకమంతా పూర్తయ్యాక చూసుకుందాంలే అని పక్కన పెడతారు. ఆ అలవాటు మీకు పట్టకముందే ఈ పాఠం చెప్పాలని తొందరపడ్డాను. పట్టికల పాఠాన్ని అందుకే వెనక్కి జరిపాను.

మన నమూనా పత్రం మీకు గుర్తుండే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకునే రైతూ, కొనుగోలు చేయించే అడ్తిదారూ ఒకే లెక్క చూసుకోవడానికి ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాము. దానికి స్ఫింక్స్ అనే పత్రరచన సాఫ్ట్‌వేర్‌తో తయారుచేస్తున్న మాన్యువల్. ఈ పాఠంలో ఆదేశాల పేర్లన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. మీ ఫైల్లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. కోడ్‌లోని చరరాశుల పేర్లను మాత్రం ఇక్కడ ఉన్నట్టే తెలుగులో ఉంచవచ్చు. పైథాన్ 3 వాటిని అంగీకరిస్తుంది, స్ఫింక్స్ వాటికి రంగులు కూడా సరిగానే వేస్తుంది.

ముందుగా ఈ ముక్కను మూడో అధ్యాయం ఫైల్లో చేర్చండి:

.. ఇండెక్స్::
   సింగిల్: తరుగు; లెక్కించడం
   పెయిర్: మిర్చి; తూకం
   సీ: కాంటా; తూకం

.. కోడ్-బ్లాక్:: పైథాన్
   :క్యాప్షన్: తరుగు పోగా రైతుకు రావలసిన మొత్తం
   :నేమ్: తరుగు-లెక్క
   :లైన్‌నోస్:
   :ఎంఫసైజ్-లైన్స్: 5

   # ధర క్వింటాలుకు, బరువు కిలోల్లో
   ధర = 14000
   బరువు = 640
   తరుగు = 8
   నికరం = బరువు - తరుగు
   మొత్తం = నికరం / 100 * ధర

ధర, తరుగు నేను ఊహించి వేసినవి. నడిపి చూస్తే 88,480 రూపాయలు రావాలి. మాన్యువల్లో పెట్టే ప్రతి కోడ్‌నూ ఇలా ఒకసారి నడిపి చూడకుండా ముద్రణకు పంపవద్దు.

నమూనాలో కింది భాగం గురించి ముందు చెబుతాను. కోడ్-బ్లాక్ పక్కన ఇచ్చే భాష పేరును బట్టి రంగులు వస్తాయి. క్యాప్షన్ పాఠకుడికి, నేమ్ మనకు. నేమ్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: పై నమూనాలో తెలుగులో ఉన్నా, మీ ఫైల్లో దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి. తెలుగులో రాస్తే లింకు చిరునామా తయారయ్యేటప్పుడు ఆ అక్షరాలన్నీ రాలిపోయి, వాటి స్థానంలో ఐడీ1, ఐడీ2 వంటి పేర్లు వస్తాయి. రేపు మీరు పైన ఇంకో కోడ్ చేర్చితే ఆ అంకెలు మారిపోతాయి, ఎవరికో పంపిన లింకు వేరే చోటికి పోతుంది. ఐచ్ఛికాలకూ (క్యాప్షన్, నేమ్ వంటి కోలన్ల మధ్య ఉన్న వరుసలకూ) కోడ్‌కూ మధ్య ఒక ఖాళీ వరుస తప్పనిసరి. అది లేకపోతే కోడ్ మొదటి వరుసను కూడా ఐచ్ఛికంగా చదవబోయి స్ఫింక్స్ దోషం చూపిస్తుంది.

వరుస సంఖ్యలు ప్రతి కోడ్‌కూ వద్దు. వివరణలో ‘5వ వరుస చూడండి’ అని రాసే అవసరం ఉన్నచోటే పెట్టండి. రెండు వరుసల కోడ్ పక్కన 1, 2 అని అంకెలు కనబడటం నాకు అనవసరమైన అలంకారం. అలాగే ‘పై కోడ్‌లో’, ‘కింది కోడ్‌లో’ అని రాయకండి. కాన్ఫిగరేషన్ ఫైల్లో నమ్‌ఫిగ్‌ను ట్రూ చేసి, నమ్‌రెఫ్‌తో సూచిస్తే సంఖ్య దానంతటదే వస్తుంది. నమ్‌ఫిగ్-ఫార్మాట్‌లో ‘కోడ్ %s’ అని ఇస్తే ‘లిస్టింగ్ 3’ బదులు ‘కోడ్ 3’ అని అచ్చవుతుంది.

కోడ్ పది వరుసలు దాటితే మాన్యువల్లోకి కాపీ చేయడం మానేయండి. లిటరల్-ఇంక్లూడ్ అనే ఆదేశం అసలు ప్రోగ్రాము ఫైలు నుంచే ఆ భాగాన్ని తెచ్చి చూపిస్తుంది. ఏ భాగం కావాలో లైన్స్ అనే ఐచ్ఛికంతో వరుస సంఖ్యలుగా చెప్పవచ్చు, కానీ నేను ఆ పద్ధతిని వాడను. ప్రోగ్రాములో పైన ఎక్కడో ఒక వరుస చేరితే చాలు, మాన్యువల్లో తప్పుడు ముక్క కనిపిస్తుంది, ఏ హెచ్చరికా రాదు. దాని బదులు ప్రోగ్రాములోనే వ్యాఖ్యలుగా రెండు గుర్తులు పెట్టి, స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్ ఐచ్ఛికాల్లో ఆ గుర్తులను ఇవ్వండి. ఎంఫసైజ్-లైన్స్‌లో మీరిచ్చే సంఖ్యలు తెచ్చిన ముక్కలోని వరుసలవి, మూల ఫైలులోవి కావు. ఇక్కడ తడబడటం సహజం.

ఇక తెలుగు కోడ్ కంటికి ఎలా ఆనాలన్న సంగతి. ఇంగ్లీషు కోడ్‌కు అన్ని అక్షరాలూ ఒకే వెడల్పు ఉండే ఫాంటు వాడతారు. ఆ ఫాంట్లలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు, బ్రౌజరు ఇంకో ఫాంటు నుంచి అరువు తెస్తుంది. కాబట్టి సమానమైన వెడల్పు మీద ఆశ పెట్టుకోవద్దు. సమాన చిహ్నాలన్నీ ఒకే నిలువు గీతలోకి వచ్చేలా ఖాళీలు పెట్టడం ఇంగ్లీషు కోడ్‌లో బాగుండవచ్చు. తెలుగు పేర్లతో అది మీ తెర మీద కుదిరినా పాఠకుడి ఫోనులో చెదిరిపోతుంది. వ్యాఖ్యలను వరుస చివర కాకుండా పై వరుసలో పెట్టమని చెప్పేది కూడా ఇందుకే. ఎడిటర్ చూపించే నిలువు సంఖ్యనూ నమ్మకండి: ‘మొత్తం’ అన్న మాటలో మనకు కనిపించేవి రెండక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు.

వరుసల మధ్య ఎడం మరీ ముఖ్యం. కోడ్ పెట్టెలో వరుసలు ఇరుకుగా ఉంటే ఒక వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. పుట రూపాన్ని నిర్ణయించే కస్టమ్ సీఎస్ఎస్ ఫైల్లో కోడ్ పెట్టెకు లైన్-హైట్ 1.6 ఇచ్చి చూడండి, చాలకపోతే ఇంకొంచెం పెంచండి. ఫాంటు విషయానికొస్తే, మన జనగామ జిల్లా బమ్మెర కవి పేరు పెట్టుకున్న పోతన ఫాంటు వచనభాగానికి నాకెంతో ఇష్టం. కోడ్‌కు మాత్రం గీత మందం అంతటా ఒకేలా ఉండే నోటో సాన్స్ తెలుగు మేలు.

ఇప్పుడు పై భాగం, అంటే సూచిక. సింగిల్ ఒక మాటను, సెమీకోలన్ తర్వాత దాని ఉపపదాన్ని చేరుస్తుంది. పెయిర్ రెండు వైపుల నుంచీ చేరుస్తుంది: మిర్చి కింద తూకం, తూకం కింద మిర్చి. సీ పాఠకుణ్ని ఒక మాట నుంచి ఇంకో మాటకు పంపుతుంది. ఆదేశాన్ని కోడ్‌కు ముందే పెట్టాలి. సూచికలో నొక్కిన పాఠకుడు సరిగ్గా ఆదేశం ఉన్న చోటికే వస్తాడు. దాన్ని కోడ్ తర్వాత పెడితే కోడ్ దాటిపోయి దిగుతాడు, వెతికింది కనబడక వెనుదిరుగుతాడు.

ఏ మాటలు చేర్చాలి? ఫంక్షన్ల పేర్లను వరుసగా ఎక్కించడం సులభం, అందుకే అందరూ అదే చేస్తారు. కానీ ఫంక్షన్ పేరు ముందే తెలిసినవాడికి సూచికతో పనేముంది? తెలియనివాడు తన పనికి తను వాడే మాటతో వస్తాడు. మార్కెట్లో ఉన్నవాడు ‘జెండా పాట’ అని వెతుకుతాడు, మీరు అధ్యాయానికి ‘ప్రారంభ ధర నమోదు’ అని పేరు పెట్టి ఉంటారు. నర్సంపేట వైపు రైతు ‘చపాటా’ అంటే ఇంకొకరు ‘టమాటా మిర్చి’ అంటారు, రెండూ ఒకటే కాయ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చపాటా పేరు మీదే కాబట్టి దాన్నే ప్రధాన పదంగా ఉంచి, రెండో పేరుకు సీ ఇవ్వండి. ఏ కోడ్‌కైనా కనీసం ఒక పదం పని పేరుతో ఉండాలన్నది నా పట్టుదల.

తెలుగు సూచికలో కంటికి చిక్కని చిక్కు ఒకటుంది. ‘మార్కెట్‌లో’ అని రాసేటప్పుడు లకారం వత్తుగా మారకుండా మనం ఒక కనిపించని అక్షరం టైపు చేస్తాం, దాని యూనికోడ్ సంఖ్య 200సి. తర్వాత ‘లో’ తుడిచేస్తే ఆ అక్షరం అక్కడే మిగిలిపోతుంది. అప్పుడు సూచికలో ‘మార్కెట్’ రెండుసార్లు వస్తుంది, ఎంత చూసినా తేడా తెలియదు. అదే అక్షరం కోడ్‌లోని చరరాశి పేరులో చొరబడితే పైథాన్ ఆ వరుసను ఒప్పుకోదు, కాపీ చేసుకున్న పాఠకుడికి కారణం అంతుచిక్కదు. సూచిక తయారుచేసే ముందు ఆ సంఖ్యతో ఫైళ్లన్నీ వెతకండి. ఫైల్, ఫైలు, లూప్, లూపు వంటివి కూడా ఇలాగే రెండు పదాలుగా చీలుతాయి. ఏదో ఒక రూపాన్ని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

క్రమం సంగతి కొంత ఊరట. యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరుస మన వర్ణమాలకు దగ్గరగానే ఉంటుంది కాబట్టి క గుణింతమంతా క కిందే, కల తర్వాత కాకి, ఆ పైన క్రమం అన్నట్టు వస్తాయి. ఒక్క ఐత్వం దగ్గర తేడా ఉంది. స్ఫింక్స్ పదాలను క్రమంలో పెట్టే ముందు ఐత్వాన్ని ఎత్వంగానూ మరో చిన్న గుర్తుగానూ విడదీస్తుంది. దానితో ‘పైథాన్’ వచ్చి ‘పేజీ’ కన్నా ముందు కూర్చుంటుంది. మీ సూచికలో అది కనిపిస్తే మీ టైపింగులో తప్పు కోసం వెతుక్కోకండి.

ఈ వారం అభ్యాసం: మూడో అధ్యాయంలోని తక్కిన కోడ్ ముక్కలకు ఇదే పద్ధతిలో క్యాప్షన్, నేమ్, సూచిక పదాలు ఇవ్వండి. తర్వాత మాన్యువల్ చూడని ఒకరిని కూర్చోబెట్టి, సూచిక పుట మాత్రమే తెరిచి, ‘తేజ రకానికీ తాలుకూ వేర్వేరు ధర ఎలా వేయాలి’ అని అడగండి. వాళ్లు ముందుగా ఏ అక్షరం దగ్గరికి వెళ్లారో రాసి పెట్టుకోండి. అక్కడ మీ పదం లేకపోతే చేర్చండి. ఆ జాబితా దగ్గర ఉంచుకోండి, వచ్చే భాగంలో పట్టికలు కట్టేటప్పుడు వాటి శీర్షికలకు ఆ మాటలే వాడతాం.